జబ్బు లేని బడి

వెంపలపాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేదాద్రి అనే డాక్టరు ఉండేవాడు. హస్తవాసి మంచిదే గానీ, చేసిన పని నలుగురి కంటా పడితే తప్ప ఆయనకు అన్నం సహించేది కాదు. రోగి కోలుకుని దండం పెడితే చాలదు. ఆ దండం పెట్టేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండి చూడాలి. లేకపోతే అది దండగ దండమే అనుకునేవాడు.

చుట్టుపక్కల ఊళ్ల బడులన్నీ ఆ కేంద్రం కిందికే వచ్చేవి. బడి పిల్లల ఆరోగ్యం చూడటానికి ఒక పద్ధతి ఏర్పాటు చేసి నడపమని ఆయనకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వేదాద్రి సంబరపడ్డాడు. తలుపులు బిడాయించుకుని కూర్చుని ఒక పథకం తయారు చేశాడు. నిజం చెప్పొద్దూ, అందులో మొదటి సగం బంగారంలాంటిది. నర్సు సువార్తమ్మ నెలనెలా ఒక్కో బడికీ వెళ్లాలి. పొద్దున పిల్లల కళ్లూ పళ్లూ చెవులూ ఒళ్లూ చూడాలి. మధ్యాహ్నం ఊళ్లోకి వెళ్లి బడికి రాని పిల్లల్నీ, చంటిబిడ్డల్నీ ఇళ్ల దగ్గరే చూసి రావాలి. ఇక్కడితో ఆగి ఉంటే మనకు ఈ కథే ఉండేది కాదు.

ఆయన ఆగలేదు. పథకంలో ఏదో ఒక మెరుపు ఉండాలనిపించింది. ఏ బడిలో జబ్బు పిల్ల ఒక్కతైనా కనిపించదో ఆ బడి మీద పచ్చజెండా ఎగరేద్దామన్నాడు, మళ్లీ జబ్బు కనిపిస్తే దించేద్దామన్నాడు. ఎగరేసే రోజున అధికారుల్ని పిలుద్దాం, పేపరువాళ్లను పిలుద్దాం అన్నాడు. నర్సు ఏ రోజు వస్తుందో బడికి ముందే కబురు పెట్టమన్నాడు, పిల్లలు తలంటుకుని శుభ్రంగా వస్తారని. ఇక జెండా ఎగిరిన ఊళ్లో మధ్యాహ్నం ఇళ్లకు తిరిగే పని రద్దు. జబ్బే లేని ఊళ్లో గడపగడపా ఎక్కి దిగడం దేనికి, ఆ పూట ఇంకో ఊరికి పనికొస్తుంది కదా అని ఆయన ఆలోచన. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. మోకాళ్ల నొప్పులతో తిరగలేక తిరుగుతున్న సువార్తమ్మ కూడా ఈ మాటకు లోలోపల సంతోషించింది.

మొదట్లో బడుల్లో గజ్జి కనిపించింది, పుచ్చిపళ్లు కనిపించాయి, బోర్డు మీది అక్షరాలు కనపడక కళ్లు చికిలించే పిల్లలు కనిపించారు. ఒకటి రెండు బడుల మీద జెండాలు లేచాయి. పేపర్లో ఫొటోలు పడ్డాయి. ఆ తర్వాత, ఏం మాయో గానీ, ఒక్కో ఊళ్లోంచీ జబ్బులు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. మందుల గదిలో గజ్జి మందు కదలడం మానేసింది. కదలని ఆ సీసాల్ని చూసి కూడా వేదాద్రి మురిసిపోయాడు. తన పథకం అంత గొప్పదనుకున్నాడు.

ఇప్పుడు గరికలంక సంగతి చెప్పాలి. ఏటి మధ్యనున్న చిన్న ఊరు. తమలపాకు తోటల మీద బతుకుతుంది. అక్కడి హెడ్మాస్టరు భానుమూర్తి నెమ్మదస్తుడు, పిల్లలంటే ప్రాణం పెట్టేవాడు. పక్క ఊరి బడికి జెండా వచ్చింది, ఈయన బడికి రాలేదు. టీకొట్టు దగ్గర కూర్చున్న ప్రతివాడూ "మన బడికేం రోగం మాస్టారూ?" అని అడిగేవాడే. మనిషి ఎంత మంచివాడైనా ఆ మాట రోజూ వింటే ఎక్కడో గుచ్చుకుంటుంది.

మూడో తరగతిలో హైమ అనే పిల్ల ఉండేది. దాని చెవులు రెండూ కారేవి. వాసనకు పక్కన కూర్చున్న పిల్లలు జరిగిపోయేవారు. భానుమూర్తి ఒకరోజు హైమ తల్లి సామ్రాజ్యాన్ని పిలిచి, నర్సమ్మ వచ్చే రోజున పాపను ఇంటి దగ్గరే ఉంచమని మెల్లగా చెప్పాడు. ఒక్క పూటే కదమ్మా అన్నాడు. తోటల్లో కూలికి వెళ్లే సామ్రాజ్యం ఆ మాటకు బాధపడలేదు. పైగా తన కూతురి చెవి వల్ల ఊరికి తలవంపులు రాకూడదనుకుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పిల్ల చెవిలో పోసి, గుమ్మం దాటొద్దని చెప్పి పనికి పోయింది. ఆ నెలే గరికలంక బడి మీద జెండా ఎగిరింది. దాంతో మధ్యాహ్నం ఇళ్లకు వచ్చే నర్సమ్మ కూడా రావడం మానేసింది. హైమను చూడటానికి ఉన్న దారులు రెండూ అలా మూసుకుపోయాయి.

ఎండలు ముదిరాయి. ఎగరేసిన నాటి నుంచి జెండా దించని బడి అని గరికలంకకు పేరొచ్చింది. దాన్ని చూడటానికి జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తానన్నాడు. వేదాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని జీపులో బయలుదేరాడు. లంకగట్టు మీద జీపు పోతుంటే నట్టనడి దారిలో ఒక పిల్ల క్యారియరు పట్టుకుని నడుస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. పిల్ల తిరగలేదు. మళ్లీ కొట్టాడు. అయినా తప్పుకోలేదు. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. జీపు పక్కకు ఈడ్చుకుపోయి గట్టు అంచున ఆగింది.

వేదాద్రి మండిపడుతూ దిగాడు. చెవుడా నీకు అంటూ పిల్ల రెక్క పట్టుకుని తనవైపు తిప్పాడు. చెయ్యి కాలిపోతోంది, అంత జ్వరం. ముక్కు పుటాలకు చీము వాసన తగిలింది. కుడిచెవి వెనక బాగా వాచి, చెవి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. ఆయనెంత పొగడ్తల మనిషైనా డాక్టరు డాక్టరే. ఆ వాపు ఏమిటో చూడగానే తెలిసింది. అంతకుముందు అన్న మాటకు సిగ్గేసింది.

బ్రేకు చప్పుడుకు తోటలోంచి సామ్రాజ్యం పరుగెత్తుకొచ్చింది. పిల్లను దగ్గరకు లాక్కుంది. ఎన్నాళ్ల నుంచమ్మా అని అడిగాడు డాక్టరు. చలికాలం నుంచని, తగ్గుతుంది, మళ్లీ వస్తుందని చెప్పిందామె.

"బడికి నర్సమ్మ నెలనెలా వస్తోంది కదా, ఎందుకు చూపించలేదు?"

"ఆవిడొచ్చే రోజున పాపను బడికి పంపమండీ."

"ఎందుకని?"

ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది సామ్రాజ్యం.

"పాపకు ఒంట్లో బాగోలేదు కదండీ" అంది.

వేదాద్రి వంగి ఆ వాపును ఇంకోసారి చూశాడు. అవతల బడి దగ్గర మైకులో ఆయన పేరే వినపడుతోంది. అధికారి కారు రేవు దాటిందని డ్రైవరు చెప్పాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, సభ అయ్యాక పిల్లను తీసుకెళ్దామా అని ఆయన మనసు ఒక్క క్షణం ఊగింది. ఇంతలో హైమ కళ్లు తేలేసి తల్లి ఒళ్లోకి వాలిపోయింది. ఇక ఆలోచించలేదు. తల్లినీ పిల్లనూ జీపులో ఎక్కించి పట్నం ఆసుపత్రికి పోనిమ్మన్నాడు.

ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇంకొంచెం ఆలస్యమైతే చీము మెదడుకు ఎక్కేదన్నాడు. ప్రాణం దక్కింది. ఎడమచెవి మందులతో దారికొస్తుంది. కుడిచెవి మాత్రం లోపల పూర్తిగా పాడైంది. ఆ కబురు తల్లికి చెప్పే పని వేదాద్రి తన మీదే వేసుకున్నాడు. వార్డు గుమ్మం దగ్గర ఆమె నిలబడి ఉంది.

"ఆ చెవి ఇంక వినపడదాండీ?"

"వినపడదమ్మా."

"ముందే చూపించి ఉంటే?"

"మందుచుక్కలతో పోయేది" అన్నాడు. అబద్ధం చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు.

సామ్రాజ్యం ఏడవలేదు. తిట్టను కూడా తిట్టలేదు. "మీరు మంచి పిల్లల్ని చూడటానికి వస్తున్నారనుకున్నామండీ" అంది. అని లోపలికెళ్లి కూతురి మంచం పక్కన కూర్చుంది. అంత పెద్ద మనిషీ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు చూసేవాళ్లెవరూ లేరు.

మర్నాడు గరికలంక బడికి వెళ్లాడు. భానుమూర్తి ఎదురొచ్చాడు. మీ జెండా కోసమే చేశాను సార్ అనబోయి, ఆ మాట మింగేసి, తప్పు నాదేనన్నాడు. సగం మీది, సగం నాది మాస్టారూ అన్నాడు వేదాద్రి. ఇంకా ఎవరెవర్ని దాచారో వాళ్లందర్నీ పిలిపించమన్నాడు. పిల్లలు ఒక్కరొక్కరే వచ్చారు. ఒళ్లంతా గజ్జి ఉన్న అన్నదమ్ములు, మూర్ఛ వచ్చే ఒక పిల్లాడు, సాయంత్రమైతే తడుముకుంటూ నడిచే ఒక పిల్ల. చెట్ల చాటునా తలుపుల వెనకా ఉండటం అలవాటై, వాళ్లు ఆయన ముందుకు రావడానికి కూడా భయపడ్డారు. ఇలాంటి పిల్లలే జెండా ఎగిరిన ప్రతి ఊళ్లోనూ బయటపడ్డారు.

వేదాద్రి జెండాలన్నీ దింపించాడు. పథకాన్ని తిరగేశాడు. నర్సు ఏ రోజు వస్తుందో ముందుగా చెప్పడం మానేశారు. ఆమె బడిలోకి అడుగుపెట్టగానే మొదట అడిగే మాట, ఇవాళ రానివాళ్లెవరని. మొదట వాళ్ల ఇళ్లకే వెళ్లాలి, ఆ తర్వాతే బడి. సువార్తమ్మకు మోకాళ్ల నొప్పులని తెలిసి ఊళ్లోకి వెళ్లేటప్పుడు జీపు ఇచ్చాడు, తాను సైకిలు తొక్కాడు. గజ్జి మందు సీసాలు మళ్లీ కదిలాయి.

ఏడాది చివర జిల్లా సమావేశంలో పెద్ద అధికారి ఆయన్ని లేపి నిలబెట్టాడు. జిల్లాలో ఎక్కడా లేనన్ని జబ్బులు నీ బడుల్లోనే ఎందుకున్నాయని అందరి ముందూ నిలదీశాడు. పక్కవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఒకప్పటి వేదాద్రి అయితే ఆ నవ్వుకు చచ్చిపోయేవాడే. "ఇదివరకూ ఉన్నాయండీ, ఇప్పుడు మాకు చూపిస్తున్నారు" అని మాత్రం చెప్పి కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పూట ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు.

పిల్లల బాగోగులు చూడటానికి బయలుదేరినవాడు తన పేరు చూసుకుంటే, జనం జబ్బును చూపించరు, దాచుకుంటారు. ఆ దాపరికానికి బలయ్యేది పిల్లలే.