ఉప్పు జాడీ మూల

దస్తగిరికి ఆ మూల ఒక్కటే లొంగలేదు.

దర్గాలోని పాత వంటశాలను ధ్యానం చేసుకునే గదిగా మారుస్తున్నారు. పొయ్యిలు తీసేశారు. గోడల మీది మసిపట్టిన సున్నం చెక్కేసి ఇటుకలను అలాగే వదిలేశారు. మేస్త్రీలు వెళ్ళిపోయాక గోడలు శుభ్రం చేసే పని దస్తగిరి అడిగి మరీ తీసుకున్నాడు. దుమ్ము దులిపాడు, గట్టిపడిన సిమెంటు చుక్కలు గీకాడు. ఇటుకలు ఎర్రగా తేలాయి. చూసినవాళ్ళు మెచ్చుకుంటుంటే యాభై దాటిన మనిషి పెళ్ళికొడుకులా మురిసిపోయాడు.

తూర్పు మూలలో మాత్రం, మోకాలెత్తున, ఇటుకల మీద తెల్లటి పొడి పూసేది. బకెట్లకు బకెట్లు నీళ్ళు పోసి కడిగేవాడు. ఆరేసరికి మళ్ళీ వచ్చేది, నిన్నటికంటే ఎక్కువగా.

ఒకప్పుడు అక్కడ జైనాబీ ఉప్పు జాడీ ఉండేది.

జైనాబీ దర్గా వంటమనిషి. అందరూ తిన్నాకే తాను తినేది, ముందుగా రుచి చూసేది కాదు. అందుకే గంజి పోసి, మొదటి గుక్క తాగినవాడి ఎదుట గరిటె పట్టుకుని నిలబడేది. "ఉప్పు సరిపోయిందా నాయనా?" అని అడిగేది. ఎంత చల్లని రోజులవి! ఆ గంజి, ఆ కట్టెల పొగ తలుచుకుంటే దర్గాలో పాతవాళ్ళకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

దస్తగిరి కొత్తగా శిష్యుడై, వైరాగ్యం నెత్తికెక్కి ఉన్న కాలంలో ఒకనాడు ఆమె అతణ్ణీ అలాగే అడిగింది.

"నేనొచ్చింది దేవుని కోసం. ఉప్పు రుచి చెప్పేకి కాదు," అనేశాడు.

ఆమె చిన్నబోయి వెనక్కి తిరిగింది. పక్కనే కూర్చున్న గురువు అమీన్ బాబా ఆ మాట విన్నాడు. ఆమె మళ్ళీ దస్తగిరిని అడగలేదు. ఆ చలికాలంలోనే ఆమె చనిపోయింది. ఇరవై ఆరేళ్ళయినా ఆ మాట అతనికి గొంతులో ముల్లులాగే ఉంది.

గురువారం పొద్దున అతను యాసిడ్ సీసా పట్టుకుని బాబా దగ్గరికి వెళ్ళాడు.

"రేపు గది తెరిస్తే జనమొస్తారు బాబా. ఆ మూల ఎంత కడిగినా పోవడంలే. యాసిడ్ పోసేదా?"

బాబా ఎదురుగా గంజి గిన్నె ఉంది. వైద్యుడు ఉప్పు మానమన్నాక ఆయనది చప్పిడి గంజే. ఆ గిన్నె పట్టుకునే వచ్చి, మూలలో చతికిలబడి, గోడ తడిమాడు.

"నీళ్ళు పోసేకొద్దీ లోపలుండేది బయటికొస్తాది రా. పొడిగా దులుపుకోవల్ల, అంతే."

పొడి కుంచెతో మెల్లగా దులిపి, ఆ తెల్లటి పొడిని అరచేతిలోకి తీసుకున్నాడు. కొంచెం నాలుకకు రాసుకుని, పాత మనిషిని గుర్తుపట్టినట్టు నవ్వాడు. మిగిలిన చిటికెడూ గంజిలో వేసి, వేలితో కలిపి, గిన్నెను దస్తగిరికి ఇచ్చాడు.

దస్తగిరి ఒక గుక్క తాగాడు.

"ఉప్పు సరిపోయిందా నాయనా?" అన్నాడు బాబా.

దస్తగిరి గిన్నె కింద పెట్టాడు. బాబా వైపు కాదు, ఆ మూల వైపు తిరిగాడు.

"సరిపోయింది జైనాబమ్మా," అన్నాడు.