చేపల చెరువు మీద ఎర్రమట్టి

పైపూత బాగుంటే లోపలి పుండు ఎవరికీ కనపడదని నమ్మే చక్రధరం భీమవరం పక్కన ఇళ్ల స్థలాల వ్యాపారం చేస్తుండేవాడు. పోయిన వేసవిలో ఒక చేపల చెరువును చెత్తతో పూడ్చి, పైన జానెడు ఎర్రమట్టి పరిచి, దానికి మెరకతోట అని పేరు పెట్టాడు. కొనబోయేవాళ్లంతా అక్కడ చెరువుండేదని తెలియని పైఊళ్లవాళ్లు. అమ్మకాలు మొదలవకముందే మొదటి స్థలం కొన్నది, వేరే ఊళ్లో ఉండే సొంత అక్క సుగుణమ్మ. తమ్ముడి మాటకు మించిన దస్తావేజు లేదనుకునే పిచ్చితల్లి.

అమ్మకాలు మొదలయ్యే రోజున జనాన్ని రప్పించడానికి మట్టిబొమ్మల పండుగ పెట్టాడు. డప్పులు, షామియానాలు, మైకు.

"ఈ నేల మట్టితో చేసిన బొమ్మ బీటలివ్వదు! మీరు కట్టే ఇల్లూ అంతే!" అని అరిచాడు. బొమ్మలకు బంకమట్టి మాత్రం పక్కూరి నుంచి లారీలో తెప్పించాడు. ఎంత తెలివో!

సుగుణమ్మ ఆ మట్టిని ముట్టలేదు. కొంగు దోపి, పలుగు పట్టి, తన స్థలంలోనే తవ్వడం మొదలుపెట్టింది. చక్రధరం పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఎండ! లారీమట్టి తీసుకో, వెన్నలా ఉంది."

"నువ్వేగా మైకులో ఊదరగొట్టావు! నా ఇంటి వినాయకుడికి పక్కూరి మట్టి దేనికిరా?"

ఎర్రమట్టి పిడికిట్లో నిలవక పొడిపొడిగా రాలింది. "లోపల మంచిది ఉంటుందిలే" అంటూ ఇంకా తవ్వింది. చక్రధరం ముందుకు ఉరికాడు. పలుగు లాక్కోబోయాడు.

"తప్పుకో, కాలి మీద పడుతుంది!" అని కసిరింది.

ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. పగిలిన సీసాలు వచ్చాయి. వాటి కింద నల్లటి బురద, ముక్కు పగిలే కంపు. డప్పులు ఆగిపోయాయి. అంతలో ఆ బురద కదిలింది! బురదలోనే బతికే మట్టగిడస చేప ఒకటి చివాలున ఎగిరి సుగుణమ్మ కాళ్ల దగ్గర పడి కొట్టుకుంది.

"ఓరి నాయనో! ఇంటి స్థలంలో బతికున్న చేప!" అని గుంపులో ఎవరో కేకేశారు.

"పునాది వెయ్యాలా బాబూ, వల వెయ్యాలా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

జనం ఘొల్లున నవ్వారు. సుగుణమ్మ నవ్వలేదు. చేపనూ తమ్ముణ్నీ మార్చి మార్చి చూసింది.

"మీ బావ పోయాక మిగిలిన పొలం అమ్మి నీ చేతిలో పెట్టానే... నాకు కూడా చెప్పలేదేరా?"

చక్రధరం కాలితో ఎర్రమట్టిని గోతిలోకి నెట్టబోయాడు.

ఆవిడ చేపను మట్టి కలపడానికి తెచ్చుకున్న నీళ్ల బకెట్లో వేసుకుంది. "దీని ఇల్లు పూడ్చి నాకు అమ్మావు" అని, వెనక్కి చూడకుండా కాలవ వైపు నడిచింది. కొనవచ్చినవాళ్లు కూడా ఆవిడ వెనకే కదిలారు. మైకు ఒక్కటే గుయ్యిమంటూ మిగిలింది.

నమ్మినవాళ్ల కాళ్ల కింద గొయ్యి దాచి పైన ఎన్ని పండుగలు చేసినా, ముందు అందులో కూలేది దాచినవాడి పరువే.