ఓబుళమ్మ కట్టిన చీరపేలిక

ఏరు ఇప్పుడున్న చోట కాక ఇంకాస్త అవతలగా పారుతున్న రోజుల్లో, దాని గట్టున ఒక ఊరు ఉండేది. ఆ ఊరు పండించేది తమలపాకు ఒక్కటే. అవిసె చెట్లను వరుసగా నాటి, వాటి మీదికి ఆకుతీగలను పాకించి, ఆ ఆకులు కోసి నలుదిక్కులకూ పంపి బతికేవారు.

ఆకుతోట వారికి గుడితో సమానం. చెప్పులు గట్టు మీదే విడవాలి. తలస్నానం చేసి అడుగుపెట్టాలి. మరొక కట్టుబాటు కూడా ఉండేది. భర్త పోయిన ఆడది తోటలోకి రాకూడదు. వస్తే తీగ వాడిపోతుందని చెప్పేవారు. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఎప్పుడు వాడింది? ఎవరికీ తెలియదు. అయినా ఆ కట్టుబాటు కంచెకంటే గట్టిగా నిలిచింది.

ఆ కంచె అవతల, ఒక గుడిసెలో, ఓబుళమ్మ ఉండేది. పెళ్లైన కొత్తలో భర్తతో కలిసి ఆ తోటలోనే తీగలు పాకించిన మనిషి. భర్త జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆమెకు తోట లేదు, పసుపు లేదు, తాంబూలం లేదు. ఊరు ఆమెకు మిగిల్చిన పని అరటిబోదెల నుంచి నార తీయడం. ఆ నారతోనే తీగలను చెట్లకు కట్టేవారు. కంచె మీదుగా నార అందుకునేవారు, ఆమె చేయి తగలకుండా. ఆ చేతికి ఉన్న మైల ఆ చేయి తీసిన నారకు ఎందుకు అంటలేదో ఊరిలో ఒక్కరూ అడగలేదు.

ఒక ఏడు ఏరు పొంగింది. తోటలన్నీ మునిగాయి. నీరు తీసేసరికి తీగలన్నీ కుళ్లి నల్లబడ్డాయి. ఎత్తు గట్టు మీద, కంచె పక్కన, ఆ ఏడే నాటిన లేతతీగ ఒక్కటి బతికింది. అది పెరిగితే ముక్కలు కోసి మళ్లీ తోటలు వేసుకోవచ్చు. అది పోతే ఊరంతా మూటలు కట్టుకోవలసిందే.

ఆ తీగకు కావలసింది కాస్త నీడ, కాస్త ఊతం. ఊరు చేసింది పూజ.

తోటపెద్ద గుర్రప్ప ముందుగా ఒక పసుపు తోరం తెచ్చి కాడకు కట్టాడు. ముత్తైదువైన ఆయన తల్లి తిమ్మక్క ఒకటి కట్టింది. పూజారి ఒకటి కట్టాడు. ఆపైన ఇంటికొకటి. తమ తోరం జారిపోతే తమ మొక్కు జారిపోతుందని ప్రతివారూ ముందువారికంటే గట్టిగా బిగించారు.

కంచె అవతలి నుంచి ఓబుళమ్మ చూసింది.

"గుర్రప్పన్నా, అంత బిగించొద్దు. లేతకాడ, చీలిపోతాది," అంది.

"నిన్నెవరు అడిగినారు? నార పీక్కోపో," అన్నాడు గుర్రప్ప.

తెల్లారేసరికి కాడ చీలింది. ఆకులు వేలాడాయి. ఊరంతా గట్టు మీద చేరింది. తోరాలు కళ్లెదుటే ఉన్నాయి. వాటి కింద చీలిక కళ్లెదుటే ఉంది. అయినా ఎవరి వల్ల ఇలా జరిగిందని పూజారి అడిగాడు.

తిమ్మక్క కంచె వైపు చూసింది. "చీలిపోతాదని నిన్న ఎవరన్నారు? ఆ నోరే చీల్చింది."

హెచ్చరించిన మాటే శాపమని తేల్చారు. ఊరు విడిచి పొమ్మన్నారు.

"పోతాలే అన్నా," అంది ఓబుళమ్మ. "ఒక్కసారి లోపలికి రానీ. దానికి కట్టు కట్టి పోతా."

"చంపినామె కట్టు కడతాదంట," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం ఊరు అన్నాలకు వెళ్లింది. ఓబుళమ్మ కంచె దాటింది. తోరాలన్నీ ఒక్కొక్కటే తెంపింది. చీలిన కాడ అంచులు రెండూ దగ్గరకు చేర్చింది. నార పచ్చిగాయాన్ని కోస్తుందని, తన తెల్లచీర చెంగు చించి, తడిపి చుట్టింది. పసిబిడ్డ బొడ్డుకు చుట్టినట్టు, జారకుండా, బిగియకుండా చుట్టింది. పక్కన అవిసె పుల్ల ఊతంగా నిలిపింది. బరువైన ఆకులు గిల్లేసి, ఈతమట్టతో నీడ పెట్టింది. గుడ్డ ఎవరిదని తీగ అడగలేదు.

మరునాడు ఆకులు తలెత్తాయి.

"అమ్మవారే వచ్చి కట్టింది," అన్నాడు పూజారి. గుర్రప్ప ఆ గుడ్డకు మొక్కి కుంకుమ పెట్టాడు. తిమ్మక్క వంగి చూసింది.

"అంచులేని తెల్లచీర అమ్మవారు ఎందుకు కడతాదిరా? ఈ ఊర్లో అది కట్టేది ఒక్కతే."

మొక్కిన చేత్తోనే గుర్రప్ప ఆ గుడ్డను లాగేశాడు. కాడ మళ్లీ చీలింది.

మధ్యాహ్నం ఓబుళమ్మ మళ్లీ వచ్చింది. మళ్లీ చీర చించింది. మళ్లీ కట్టింది. గుడ్డ ఎవరిదని తీగ అడగలేదు. ఊరు మాత్రం అడిగింది. గుడ్డను విప్పి ఏట్లో పారేసింది. కంచె సందుల్లో ముళ్లకంప కుక్కింది.

మూడోసారి ఆమె అన్నాల వేళ కోసం చూడలేదు. ఊరంతా అక్కడే నిలబడి ఉండగా వచ్చింది. ముళ్లకంప తొక్కుకుంటూ, చేతులు గీరుకుపోయి వచ్చింది. మిగిలిన చీరలో ఒక పేలిక చించి కట్టింది. కట్టి వెళ్లిపోలేదు. వరదకు ఎండిన అవిసె మోడుకు వీపు ఆనించి, కట్టు చుట్టూ గుప్పిట పెట్టి కూర్చుంది.

"లేచి పో," అన్నాడు గుర్రప్ప.

"పోను."

"లాగేస్తా."

"లాగు అన్నా. ముందు నా చేయి పట్టుకోవాల గదా. రా, పట్టుకో."

గుర్రప్ప ఒక అడుగు వేసి ఆగాడు. పూజారి ఒక అడుగు వెనక్కి వేశాడు. రాయి విసిరితే తీగకు తగులుతుంది. కర్రతో పొడిస్తే కాడ విరుగుతుంది. ముట్టుకుంటే మైల. ఆమెను ఇన్నాళ్లూ బయట నిలిపిన కట్టుబాటు ఇప్పుడు వారిని బయట నిలిపింది.

ఆమె అలాగే కూర్చుంది. ఎండ కాసింది. వాన కురిసింది. మళ్లీ ఎండ కాసింది. ఒక చేయి కట్టు మీదే ఉంచి, పక్క కాలువ నీటిని రెండో చేత్తో తోడి తీగకు పోసేది, మిగిలినది తాను తాగేది. ఊరిలో పొయ్యిలు వెలిగాయి. అందరూ వండుకున్నారు, అందరూ తిన్నారు. ఒక్క గిన్నె కంచె దాటలేదు. తిమ్మక్క ఒకసారి అంబలి ముంత తెచ్చి కంచె దగ్గర నిలబడింది. ఎవరో వస్తున్న అలికిడి విని, ముంతను కొంగు కింద దాచుకుని వెనక్కి వెళ్లిపోయింది.

గుడ్డ ఎవరిదని తీగ అడగలేదు. చీలిక మీద కండ పట్టింది. దానిపై కణుపులో చిగురు వచ్చింది. ఒక ఉదయం గుర్రప్ప దూరం నుంచే అది చూశాడు.

"ఓబుళమ్మా, చిగురేసింది చూడు," అన్నాడు.

ఆ ఊరు ఆమెను పేరు పెట్టి పిలిచి చాలా ఏళ్లైంది. ఆమె పలకలేదు. గుప్పిట కాడ చుట్టూ అలాగే ఉంది. ఒళ్లు చల్లబడి ఉంది.

అప్పుడు ముట్టుకున్నారు. నలుగురు కలిసి మోశారు. బతికున్న మనిషికి ముంత అందించడానికి అడ్డొచ్చిన కట్టుబాటు శవాన్ని మోయడానికి అడ్డురాలేదు.

ఆ ఒక్క తీగ నుంచే ముక్కలు కోసి ఊరివారు మళ్లీ తోటలు వేసుకున్నారు. ఓబుళమ్మను అమ్మవారు ఆవహించిందని పూజారి చెప్పాడు. రాయి నిలిపి పసుపు పూద్దామన్నాడు. సరేనన్నారందరూ. ఒక మనిషిని ఆకలితో చంపామని ఒప్పుకోవడం కంటే అమ్మవారికి మొక్కడం సులువు. కానీ తిమ్మక్క ఆ రాయికి అడ్డం నిలబడింది.

"అమ్మవారికి ఆకలి కాదు," అంది. "దానికి ఆకలైంది. నాకు తెలుసు. ముంత నా చేతిలోనే ఉండె."

రాయి నిలవలేదు.

ఆ ఏటి దిక్కున ఇప్పటికీ కొత్త తోటలో తోరం కట్టరు. భర్త పోయినామెను ముందుగా లోపలికి పిలిచి, ముందుగా ఆమెకు అంబలి ఇస్తారు. ఆమె తాగిన తర్వాతే మిగిలినవారు తాగుతారు. ఆపైన ఆమె పాతచీర పేలికతో మొదటి తీగను చెట్టుకు కడుతుంది. ఆ గుడ్డ ఎవరిదని ఒకరు అడుగుతారు. తీగ అడగలేదని అందరూ బదులు చెబుతారు.

ఆ తోటల ఆకు అన్ని ఊళ్ల పెళ్లిళ్లకూ పోతుంది. అక్కడ తాంబూలాల పళ్లెం అందరి ముందుకూ వచ్చి, భర్త పోయిన ఒకామె దగ్గరకు రాగానే పక్కకు తిరుగుతుంది. ఆ పెళ్లిలో ఏటి దిక్కువారు ఒక్కరున్నా చాలు, లేచి వచ్చి పళ్లెం అంచు పట్టుకుంటారు.

"ఈ ఆకు ఎవరి చేతిమీదుగా వచ్చిందో అడిగినావా?" అంటారు. పళ్లెం వెనక్కి తిరిగి ఆమె ముందు నిలిచేదాకా పట్టు వదలరు.