తెల్లమడ బురదలోంచి వేళ్ళెందుకు చాపింది?

ఒకప్పుడు తెల్లమడ చెట్టుకు ఉప్పంటే ఏమిటో తెలియదు. అన్ని చెట్లలాగే మెరక మీద, తియ్యటి నీళ్ళు తాగుతూ, వేళ్ళు మట్టిలో దాచుకుని హాయిగా ఉండేది. ఆ రోజుల్లో చెట్లకు నడక వచ్చు. కాకపోతే బతుకు మొత్తంలో ఒక్కసారే నడవగలవు. అందుకని ఏ చెట్టూ ఊరికే కాలు కదిపేది కాదు.

సముద్రపు ఒడ్డున జాలర్ల పేటలో, ఆ చెట్టు నీడలోనే నూకరత్నం గుడిసె. మొగుడు సత్తియ్య వేటకెళ్ళి చేపలు తెచ్చేవాడు. ఆమె వాటికి ఉప్పు రాసి ఇసుక మీద ఆరబెట్టేది. అవి ఎండాలంటే రోజులు పట్టేది. నూకరత్నానికేమో ఓపిక బొత్తిగా తక్కువ.

"ఈ ఎండని నమ్ముకుంటే ఎప్పటికయ్యేను?" అని ఒకనాడు కట్టెలు పేర్చి మంట పెట్టింది. చేపలు ఒక్క పూటలో ఎండిపోయాయి! అది చూసి పేటంతా మంటలు పెట్టింది. పేటను చూసి పక్క ఊళ్ళు, వాటిని చూసి ఆ పక్క ఊళ్ళు. ఇక మంటలు ఆరిందే లేదు.

పొగ పైకి పోయి ఆకాశం నిండా దుప్పటిలా కప్పేసింది. కింది వేడి కిందే ఉండిపోయింది. పాపం, సముద్రానికి జ్వరం వచ్చింది. ఒళ్ళు ఉబ్బింది. ఉన్న చోటు చాలక ఒడ్డెక్కింది.

మొదట అలలు పడవ కట్టే రాటను తాకాయి. నూకరత్నం రాట పీకి కాస్త ఎగువన పాతింది. అలలు మళ్ళీ తాకాయి. మళ్ళీ పీకి పాతింది. పేటలో అందరిదీ అదే పని. రాట జరపడంలో చేయి తిరిగిపోయింది గానీ, ఇదంతా ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. మంట ఆర్పడం కంటే రాట జరపడం తేలిక కదా!

చివరికి ఒక పొద్దున రాట గుడిసె గోడకు ఆనింది. ఇక జరపడానికి చోటు లేదు. ఓ అల గుమ్మం దాటి వచ్చి, చంటిదాని ఉయ్యాల కింద తడిపి పోయింది. నూకరత్నం బిడ్డను చంకనేసుకుని బయటికి పరుగెత్తింది.

"గంగమ్మ తల్లీ! ఏం పాపం చేసేం? ఎనక్కెళ్ళిపోమ్మా!" అని ఏడ్చింది.

"నాకేమన్నా సరదానా అమ్మాయ్?" సముద్రం మూలిగింది. "ఒళ్ళు కాలిపోతోంది. పైనున్న ఆ దుప్పటి తీయించు. నా చోటికి నేనే పోతాను."

నూకరత్నం తలెత్తి పొగను చూసింది. తర్వాత తన పొయ్యిని చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది. కుండెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో గుమ్మరించింది.

కానీ అంత పొగ ఒక్కనాటితో పోతుందా? అలలు వస్తూనే ఉన్నాయి. అప్పుడు తెల్లమడ పిలిచింది.

"రత్నం, నేను వెళ్ళి అడ్డం నిలబడతాను."

"వద్దు మడక్కా! అది ఉప్పు నీరు, కిందేమో బురద. ఊపిరాడదు నీకు. ఒక్కసారి ఎల్లేవంటే మళ్ళీ రాలేవు!"

"తెలుసు. ఊపిరి బిగబట్టుకుని ఉంటాను. ఈలోగా నువ్వు అన్ని ఊళ్ళ మంటలూ ఆర్పించు. ఆరాక వచ్చి చెప్పు."

చెట్టు నడిచి వెళ్ళి బురదలో దిగింది. అలల జోరు దాని కొమ్మల్లో చిక్కి తగ్గిపోయింది. గుడిసె నిలిచింది. మడ ఆకులకు మాత్రం ఉప్పు చెమటలు పట్టాయి.

నూకరత్నం బిడ్డనెత్తుకుని ఊరూరా తిరిగింది. కొందరు విని ఆర్పారు. కొందరు "ముందు పక్కూరోళ్ళని ఆర్పమను" అన్నారు. "ఈసారి చేపలు ఎండనీ, చూద్దాం" అన్నవాళ్ళే ఎక్కువ. తిరిగొచ్చేసరికి మడ ఊపిరందక విలవిల్లాడుతోంది.

"ఆరాయా?" అని అడిగింది.

నూకరత్నానికి అబద్ధం నోటికి రాలేదు. "మా పేటవి ఆరేయి మడక్కా. మిగతావి ఇంకా..." అంటూ ఏడ్చేసింది.

"ఏడవకు. ఇంకాసేపు ఉంటాలే. నువ్వు మళ్ళీ వెళ్ళు" అని, తెల్లమడ గాలి కోసం బురదలోంచి వేళ్ళు పైకి చాపింది.

అప్పటినుంచే తెల్లమడ వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తుంటాయి. దాని ఆకుల మీద ఉప్పు మెరుస్తుంటుంది. నూకరత్నం పోయి ఎన్ని తరాలైందో! మడ మాత్రం ఇంకా అక్కడే నిలబడి, మంటలు ఆరాయన్న కబురు కోసం చూస్తూనే ఉంది.