ముద్ర చెదరని కట్టెల కుప్ప

రాజుగారి దివాణానికి బెల్లం వండే ఊరొకటి ఉండేది. అక్కడి గానుగకు అధికారి పేర్రాజు. చెరకు పిప్పి కాలిస్తే బెల్లం గడ్డి కంపు కొడుతుందని, చింతకట్టె తప్ప పొయ్యిలో పెట్టొద్దని ఆయన పట్టు.

"పిప్పి ఎండబెడితే భేషుగ్గా మండుద్ది బాబూ, పచ్చని చెట్లు కొట్టడమెందుకు?" అంది పొయ్యి చూసే అచ్చియ్యమ్మ.

"పొయ్యి ఊదేదానివి, నీకు రుచేం తెలుసే?" అన్నాడు పేర్రాజు. ఆ మాట ఆవిడ మరిచిపోలేదు, మరిచే మనిషీ కాదు. పేర్రాజుకేమో పొగ పడదు, పొయ్యి ఛాయలకే రాడు.

నెల తిరిగింది. రాజుగారు వచ్చిన పూటే పేర్రాజు ఊరి చింతతోపులోకి గొడ్డళ్లు దింపాడు. ఆ తోపు చింతపండే ఊరికి బతుకు!

పేర్రాజు వేడి బెల్లం అందించి, "ప్రభూ, నెల్లాళ్లుగా ఇదే రుచి! అంతా చింతకట్టె మహిమ! అందుకే ఆ తోపు కొట్టిస్తున్నాను, ఏడాదికి చాలు" అన్నాడు. రాజుగారు లొట్టలేశారు.

"మహారాజా, ముందు కట్టెల కుప్ప చూడండి!" అని అరిచింది అచ్చియ్యమ్మ.

కళ్లంలో ధాన్యపు రాశికి వేసినట్టే, దొంగలు ముట్టకుండా ఆ చింతకట్టెల కుప్పకు నెల కిందట పేర్రాజే సున్నం ముద్రలు వేయించాడు. రాజుగారు వెళ్లి చూస్తే ఒక్క ముద్రా చెదరలేదు, పైగా సాలెగూళ్లు!

"మరి నెల్లాళ్లూ ఏం కాల్చావు అవ్వా?"

"పిప్పే బాబూ!"

రాజుగారు పకపకా నవ్వి గొడ్డళ్లను వెనక్కి పిలిపించారు.

పేర్రాజు పళ్లు నూరాడు. "నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"పొయ్యి ఊదేదాన్ని, నాకు రుచేం తెలుసు బాబూ? బాగుందని రోజూ తమరే చెప్పారుగా!"