మూడు ఆకులు పట్టిన ఉత్తర్వు

ఆ విశ్వకర్మ దయ మనందరి మీదా ఉండాలి, వినండి. వెనకటికి ఒక రాజ్యంలో విద్యాశాల పిల్లలు తలా ఒక పనిముట్టు సొంతంగా చేసి చూపాలి. ఎవరేం చేయాలో పనిశాల వడ్రంగి ముత్తోజు వాళ్ళతో కూర్చుని ఆలోచిస్తుండగా, అమాత్యుడు భాస్కరయ్య ఊడిపడ్డాడు.

"సరిగ్గా ఆలోచిస్తే పని మొదటిసారికే కుదరాలి. ఒక్క చెక్క పాడైందా, పనిశాలకి తాళమే!"

పిల్లల ముఖాలు చూసి ముత్తోజు మనసు చివుక్కుమంది. "చిత్తం ప్రభూ. ఆ ముక్క మీ చేత్తోనే రాసివ్వండి," అన్నాడు.

అమాత్యుడు తాటాకు మీద గంటంతో రాశాడు.

"రంపపు పొట్టు కూడా పాడైన చెక్కేనా, ప్రభూ?"

"కాదయ్యా!" ఆ ఆకు పారేసి ఇంకోటి రాశాడు.

"చెదలు తింటే?"

"అదెలా లెక్క!" రెండోదీ పారేశాడు.

"పని చూపిస్తూ నేనే పాడుచేస్తే?"

మూడో ఆకూ పోయింది.

ముత్తోజు మూడింటినీ ఏరి కళ్ళకద్దుకున్నాడు. "తమంతటివారికే ఇన్ని ఆకులు పాడయ్యాయి. తాళం ముందు మీ కచేరీకి వేయమంటారా, మా పనిశాలకా?"

పిల్లలు గొల్లుమన్నారు. అమాత్యుడు గొంతు సవరించుకుని, నాలుగో ఆకు మీద ఒక్క దిద్దుబాటూ లేకుండా రాశాడు: "పిల్లలకు తలా నాలుగు చెక్కలు ఇవ్వవలెను."