ఏడు కోపపు ముఖాలు

పెంచలమ్మ రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్లో ఉన్నవాళ్లు పలకడం మానేశారు.

మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి గురువుగారింటికి వచ్చింది.

గురువు మస్తానయ్య పెన్న ఒడ్డున ఒక చిన్న పల్లెలో తత్వాలు పాడుకుంటూ ఉంటాడు. ఆశ్రమం అంటూ ఏమీ లేదు. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు ఒక వసారా. వసారాలో ఆయన భార్య శేషమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది.

"ఏమే, మొహం అట్ట పీక్కపోయింది? అన్నం తిన్నావా లేదా?"

"తిన్నానమ్మా" అని అబద్ధం చెప్పి, అక్కడే కూర్చున్న గురువు ముందు కూలబడింది పెంచలమ్మ. "సామీ, ఆ గ్రూపులోంచి వచ్చేద్దామనుకుంటున్నా. మీకు ఒక మాట చెప్పి..."

కళ్లు లేనివాళ్ల కోసం కథలు చదివేవాళ్ల గ్రూపు అది. నలభై మంది ఉంటారు, ఒక్కొక్కరిది ఒక్కో ఊరు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. ఎవరికీ జీతం లేదు. ఇంట్లో కూర్చుని కథ చదివి, ఫోన్లో రికార్డు చేసి పంపుతారు. పెంచలమ్మది ఐదో తరగతి చదువు. భర్త పోయాక, ఇంట్లో తన గొంతు తనకే వినపడక, ఈ పనిలో చేరింది. అక్షరాల కింద వేలు పెట్టుకుని, నాలుగైదు సార్లు కూడబలుక్కుని, అప్పుడు రికార్డు చేసేది. ఏడాదికి పదకొండు కథలు అయ్యాయి.

గ్రూపును నడిపేది కరుణ అనే ఆమె. వెనకాల చప్పుళ్లున్న కథలన్నీ తీసేస్తున్నామని పోయిన వారం ఆమె చెప్పింది. పెంచలమ్మ ఇంటి గోడ పక్కనే పిండిమర. పదకొండూ పోయాయి.

"ఒక్క మాట అడగలేదు సామీ. వినేవాళ్లే నాతో అన్నారు, అక్కా, ఆ మర చప్పుడు వింటుంటే మీ ఇంటికొచ్చి కూర్చున్నట్టుందని. చప్పుడు ఉండాలో వద్దో వాళ్లనైనా అడగొద్దా? ఆ కోపంతో గ్రూపులో రాశా. రాసిన కాడ్నించి ఒక్కరూ నోరు మెదపలేదు. నేను రాసింది తప్పా?"

"ఏం రాశావు?"

ఫోన్ చాపింది. ఆయన తీసుకోలేదు.

"దీన్ని ఆ కరుణమ్మ ఎట్ట చదువుకునింది?"

పెంచలమ్మ చాపిన ఫోన్ వెనక్కి తీసుకుంది. కరుణకూ కళ్లు లేవు. గ్రూపులో అందరికీ తెలుసు; గురువుకూ తనే ఎప్పుడో చెప్పింది.

"ఆమె ఫోనే చదివి వినిపిస్తుంది సామీ."

"మనకూ అట్టనే వినిపించు."

అదెట్ట చెయ్యాలో పెంచలమ్మకు వచ్చు. చేరిన కొత్తలో కరుణే ఓపిగ్గా నేర్పింది. నేర్పిన చోటే నొక్కింది. ఫోన్లోని గొంతు, ఎత్తూ పల్లం లేకుండా, చదవడం మొదలుపెట్టింది.

"కరుణ గారికి. మీరు పెద్ద చదువులు చదివారు. మనిషి విలువ మాత్రం చదువుకోలేదు."

"ఊఁ" అన్నాడు మస్తానయ్య, కథ వినేవాడు ఊ కొట్టినట్టు.

"మా గొంతులు మీకు చెత్త. ఊడ్చి పారేశారు."

"ఊఁ."

"మీ చేతికి ఈ గ్రూపు అప్పజెప్పిన వాళ్లను అనాలి."

"ఊఁ."

"కోపంగా ఉన్న ముఖం."

పెంచలమ్మ ఉలిక్కిపడింది. అది తను రాసిన మాట కాదు. చివర్లో పెట్టిన ఎర్రటి బొమ్మ. ఆ పూట వేలు ఆగక అదే బొమ్మ మీద నొక్కుతూ పోయింది. ఫోన్ బొమ్మను కూడా చదువుతుందని అప్పుడు తట్టలేదు.

"కోపంగా ఉన్న ముఖం."

"ఊఁ."

"కోపంగా ఉన్న ముఖం."

"ఊఁ."

శేషమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఎన్ని పెట్టావే తల్లీ?"

"ఏడు."

"రావణాసురుడి కంటే మూడు తక్కువే, పోనీలే."

పెంచలమ్మకు నవ్వొచ్చింది. నవ్వు నోటి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. గొంతు ఇంకా చదువుతూనే ఉంది. ఆపేద్దామని చెయ్యి చాచింది.

"ఉండనీ" అన్నాడు గురువు. "ఆమె కడదాకా వినుంటుంది."

ఏడూ అయిపోయాయి. చివరి ఊఁ ఆయన చాలా మెల్లగా కొట్టాడు.

శేషమ్మ మళ్లీ కాయ తీసుకోలేదు.

"రాసేటప్పుడు నాకు ఆమె గుర్తే లేదు సామీ" అంది పెంచలమ్మ. "మా ఇంటి గోడ తప్ప నా ఎదురుగా ఏమీ లేదు."

ఆయన తల ఊపాడు.

"అయితే ఊరుకోమంటారా? ఆ కథలు పోయినట్టేనా?"

"ఊరుకోమని నేనెప్పుడన్నా? అడక్కుండా తీసెయ్యడం నాకూ బాగలేదు. చెప్పాల్సిందే."

"ఎట్ట చెప్పేది?"

మస్తానయ్య లేచి లోపలికి పోయాడు. ఒక చాప తెచ్చి, దులిపి, పెంచలమ్మకు ఎదురుగా పరిచాడు. మళ్లీ పోయి చెంబుతో నీళ్లు తెచ్చి చాప పక్కన పెట్టాడు.

"కరుణమ్మ వచ్చి కూర్చునింది. చెప్పుకో" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "శేషూ, రా. దొడ్లో పనుంది" అన్నాడు.

"దొడ్లో ఏం పనుందయ్యా ఈ ఎండలో?" అంటూనే ఆమె చాటతో సహా లేచి వెళ్లింది.

పెంచలమ్మ ఒక్కతే మిగిలింది. మోకాళ్ల నొప్పికి కాళ్లు బార్లా చాపుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని, ఖాళీ చాప వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

రికార్డు నొక్కింది. "కరుణ గారూ, మీరు చేసింది..." అని ఆగి, చెరిపేసింది. ఇంకోసారి నొక్కింది. "మా బోటివాళ్లంటే మీకు..." అదీ చెరిపేసింది.

చాప మీద ఎవరూ లేరు. అల్లికలో ఒకచోట పుల్ల లేచి ఉంటే వంగి సర్దింది. చెంబు అటువైపు కూర్చునే మనిషి చేతికి అందేటట్టు జరిపింది.

జరిపి వెనక్కి వాలుతుంటే, తన అరికాళ్లు రెండూ చాప వైపే ఉండడం కనిపించింది.

మోకాళ్లు కలుక్కుమన్నా, పెంచలమ్మ మెల్లగా కాళ్లు రెండూ ముడుచుకుంది.